చీకట్లో అలారం మోగితే లేవలేకపోతున్నా!

ప్రశ్న: మేడం, చలికాలం వస్తే చాలు అలారం మోగే టైముకి బయట ఇంకా చీకటే, లేచినా గంటసేపు మత్తుగానే ఉంటోంది. తెల్లారినట్టు మెల్లగా వెలిగే లైట్లు ఉంటాయట కదా, అవి నిజంగా పనిచేస్తాయా?

జవాబు: చాలామందికి పనిచేస్తాయండీ. కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి కొంత వెలుగు లోపలికి వెళ్తుంది, కంట్లో చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలు ఆ వెలుగుని పసిగట్టి పొద్దెక్కిందని మెదడుకి చెప్తాయి, దాంతో నిద్ర హార్మోన్ మెలటోనిన్ తగ్గడం మొదలవుతుంది, అలారం మోగేసరికి మీరు సగం మేలుకునే ఉంటారు. అందుకే లైటు అలారానికి 20-30 నిమిషాల ముందే సన్నగా మొదలై పెరగాలి. దీనికి ఖరీదైన ల్యాంపే కొనక్కర్లేదు, మెల్లగా పెరిగేలా టైమర్ పెట్టుకునే స్మార్ట్ బల్బు చాలు, కాకపోతే మొహం అటు తిప్పి, దుప్పటి ముసుగు తన్ని పడుకుంటే ఏ లైటూ ఏం చెయ్యలేదు! లేచాక గదిలో లైట్లన్నీ వేసెయ్యండి, తెల్లారాక కాసేపు బయట తిరగండి, మబ్బు పట్టినా ఇంట్లో లైట్లకంటే బయటే వెలుగెక్కువ. రాత్రి పడుకునేముందు మాత్రం లైట్లు, ఫోను తగ్గించాల్సిందే. 10,000 లక్స్ (వెలుగు కొలత) థెరపీ ల్యాంపులు, అంటే చికిత్సకి వాడే బాగా ఎక్కువ వెలుగునిచ్చే లైట్లు, వేరే సంగతి, కంటి జబ్బు గానీ బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే మానసిక జబ్బు) గానీ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.