బియ్యం బస్తా ఇరుసు మీద పెట్టు

చి. బాబీకి, అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన ప్లాను విన్నాక నాకు నిద్ర పట్టలేదురా. పది రోజుల్లో మెల్‌బోర్న్ నుంచి మిల్డూరా, రెన్‌మార్క్, బ్రోకెన్ హిల్, హే, లీటన్, వాగా వాగా, మళ్లీ ఇల్లు. వెనకాల కారుకి తగిలించిన చక్రాల ఇల్లు, అదే కారవాన్, కార్లో ఇద్దరు పిల్లలు. దాన్ని చుట్టపుచూపు అనరు, పోస్ట్‌మేన్ ఉద్యోగం అంటారు. ముందు బ్రోకెన్ హిల్ కొట్టెయ్. అక్కడ మనవాళ్లెవరూ లేరు. మిల్డూరా నుంచి ఒక వైపే 300 కిలోమీటర్లు. ఆ రెండు రోజులూ ఎవరింట్లోనైనా కూర్చుని గడుపు.

ఇక అసలు సంగతి. మేం మొదటిసారి బయల్దేరినప్పుడు నా తెలివి చెప్తాను విను. పాతిక కేజీల బియ్యం బస్తా, వెట్ గ్రైండరు, ఆవకాయ జాడీలు, నాలుగు ఇళ్లకి పంచాల్సిన స్వీట్లు, అన్నీ వెనక మంచం కింద సర్దాను. చోటు అక్కడే ఉంది మరి. బెండిగో దాటాక ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని వెళ్లింది. దాని గాలి తగిలీ తగలగానే కారవాన్ తోక ఊపడం మొదలెట్టింది. చిన్నగా కాదు, కారుని కూడా పట్టుకుని అటూ ఇటూ ఈడ్చేసింది. మీ మావయ్య కంగారులో బ్రేకు తొక్కబోయాడు. తొక్కి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. అదృష్టం బాగుండి కాలు వెనక్కి తీశాడు. ఊపు దానంతటదే తగ్గింది.

కాబట్టి బరువులన్నీ ఇరుసు మీదికి, కిందికి. వెనక్కి దుప్పట్లు, బట్టలు మాత్రమే. టో బాల్ (కారు వెనక కారవాన్ తగిలించే గుండు) మీద పడే బరువు కారవాన్ మొత్తం బరువులో దాదాపు 10 శాతం ఉండాలి. నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్లు నింపి, పిల్లల సైకిళ్లతో సహా అన్నీ ఎక్కించాక కాటా వేయించు. ఖాళీ బండిని తూచి సంతోషపడకు. ఎప్పుడైనా తోక ఊగితే స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలెయ్. కారు బ్రేకు జోలికి పోకు, చేతికందే కారవాన్ బ్రేక్ కంట్రోలరు మాత్రం మెల్లగా నొక్కు.

మిల్డూరా 540 కిలోమీటర్లు. మామూలు కారులో ఒక రోజు పని, నీకు రెండు రోజులు. రోజుకి 300 దాటకు, మధ్యాహ్నం మూడింటికల్లా ఆగిపో. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి పోతాయి, ఆ తర్వాత ఆరింటికే చీకటి. మసక చీకట్లోనే కంగారూలు రోడ్డెక్కుతాయి. అడ్డొస్తే స్టీరింగు తిప్పకు, నేరుగా వెళ్తూ వేగం తగ్గించు. దారిలో వైచీప్రూఫ్‌లో ఆగి పిల్లలకి మౌంట్ వైచీప్రూఫ్ చూపించు. చుట్టూ ఉన్న మైదానం కంటే 43 మీటర్లు ఎత్తు, అయినా దానికి మౌంట్ అని పేరు! మంగళగిరి కొండ చూసినవాళ్లకి నవ్వొస్తుంది. రాత్రికి సీ లేక్‌లో ఉంటే పక్కనే ఉప్పు సరస్సు.

ఒక యూహెచ్ఎఫ్ రేడియో కొను, చానెల్ 40లో పెట్టు. లారీవాళ్లు అందులోనే మాట్లాడుకుంటారు. వెనకాల బి-డబుల్, అంటే రెండు ట్రైలర్లు తగిలించిన 26 మీటర్ల లారీ, వచ్చినప్పుడు ‘నేను చూశాను, మీరు దాటండి’ అని ఒక్క మాటంటే చాలు.

మిల్డూరా నుంచి రెన్‌మార్క్ వెళ్లేటప్పుడు యాంబా దగ్గర క్వారంటైన్ చెక్‌పోస్టు ఉంది. పండ్ల ఈగ రాకుండా పళ్లు, టమాటాలు, మిరపకాయలు అన్నీ తీసేసుకుంటారు. మిల్డూరాలో మీ డాక్టరు అన్నయ్య భార్య, మీ వదిన, పెరటి నిమ్మకాయలు సంచీడు ఇస్తుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. తీసుకో, ఆ రాత్రికే పులిహోర కలిపెయ్. అవతల సౌత్ ఆస్ట్రేలియా గడియారం అరగంట వెనక నడుస్తుంది. రెన్‌మార్క్ వాళ్లకి భోజనం టైము చెప్పేటప్పుడు ఎవరి టైమో కూడా చెప్పు.

ఇప్పుడు లీటన్. అక్కడ మీ మావయ్య పాత స్నేహితుడి పొలం ఉంది. వరి పొలమేరా! మొదటిసారి ఆ చేలు చూసి నేను కారు దిగి గట్టు మీద నించుండిపోయాను. గోదావరి గట్టున ఉన్నట్టే అనిపించింది. కాకపోతే మనిషి అన్నవాడు కనపడడు, ఒక్క యంత్రం మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఏప్రిల్లో వాళ్లకి కోతలు. కోతల్లో ఉన్న ఇంటికి చుట్టాలుగా వెళ్తే ఎలా ఉండాలో మీ నాయనమ్మ నేర్పింది కదా, అలాగే ఉండు. ఆయన రాత్రి తొమ్మిదికి వస్తాడు, కబుర్లకి కూర్చోడు. రెండు రాత్రులు ఉండు, ఒక పూట వంట మీరు చెయ్యండి.

వాళ్లు ‘టీకి రండి’ అంటే అది రాత్రి భోజనం. మేం మొదటిసారి కడుపు నిండా తిని, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వెళ్లాం. బల్ల మీద వేట మాంసం, బంగాళాదుంపలు, పాయసం లాంటిదేదో. మళ్లీ తిన్నాం, ఏం చేస్తాం.

వాళ్ల నీళ్లు వాన నీళ్ల ట్యాంకులోవి. మీ ట్యాంకు ఊళ్లో నింపుకుని వెళ్లు, స్నానాలు కారవాన్లో కానివ్వండి. టాయిలెట్ కేసెట్ (కారవాన్ మరుగుదొడ్డి కింది డబ్బా) వాళ్ల సెప్టిక్ ట్యాంకులో మాత్రం పొయ్యకు. మందు వేసిన నీళ్లు పడితే అందులో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దాన్ని పారబొయ్యడానికి ఊళ్లో డంప్ పాయింట్ ఉంటుంది. కారవాన్ ప్లగ్గు 15 యాంప్‌ది, ఇంటి సాకెట్లో పట్టదు. పట్టించడానికి పిన్ను అరగదీసే ప్రబుద్ధులున్నారు, వాళ్ల మాట వినకు. షెడ్లో 15 యాంప్ సాకెట్ ఉందేమో అడుగు. గేటు ఎలా ఉంటే అలాగే వదులు. మూసుంటే మూసెయ్, తెరిచుంటే తెరిచే ఉంచు.

బియ్యం బస్తా అక్కర్లేదు, అయిదు కేజీలు చాలు. కానీ లీటన్ ఆవిడకి మన గోంగూర పచ్చడి ప్రాణం. జాడీ నేనిస్తాను, శనివారం వచ్చి పట్టుకెళ్లు. తువ్వాలు చుట్టి, ఇరుసు మీద ఉన్న అరలో.

మీ అత్తయ్య