జాక్‌పాట్ పెరిగితే టికెట్ కొనొచ్చా?

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

జాక్‌పాట్ బాగా పెరిగినప్పుడైనా లాటరీ కొనొచ్చా అని అడిగావు. చీవాట్లు పెడతాననుకున్నావేమో, పెట్టను. గిట్టుబాటైన లాటరీలు నిజంగానే ఉన్నాయి. కాకపోతే అవి ఒకటీ అరా టికెట్ కొనేవాడికి గిట్టినవి కావు.

ముందు మామూలు ఆట చూడు. 49 అంకెల్లో 6 ఎంచుకునే పద్ధతిలో 1,39,83,816 కూర్పులు. వారానికి రెండు డ్రాలకు ఒక్కో టికెట్ కొంటూ పోతే జాక్‌పాట్ తగలడానికి సగటున లక్షా 34 వేల ఏళ్లు. చిన్న బహుమతులు వదిలేస్తే, జాక్‌పాట్ టికెట్ ధరకు దాదాపు 1.4 కోట్ల రెట్లు ఉంటేనే కాగితం మీద లెక్క సరిపోతుంది. ఎవరికీ తగలక సొమ్ము పేరుకుపోతే ఆ గీత దాటొచ్చు కూడా. నీలాంటి లెక్కలొచ్చినవాళ్లు బోల్తాపడేది అక్కడే. సొమ్ము పెరిగిందంటే జనం ఎగబడతారు, తగిలితే ఆ సొమ్మును పంచుకునేవాళ్లూ పెరుగుతారు. చాలాచోట్ల పన్ను ఉంటుంది. అమెరికా పవర్‌బాల్ లాటరీలో అయితే ప్రకటించే మొత్తం 29 ఏళ్ల వాయిదాల్లో వచ్చేది. ఒకేసారి ఇమ్మంటే బాగా తగ్గిపోతుంది.

వాటాల సంగతి తేలిగ్గా తీసుకోకు. 1995 జనవరిలో బ్రిటన్ నేషనల్ లాటరీ జాక్‌పాట్ ఒకే డ్రాలో 133 మందికి తగిలింది. దాదాపు కోటీ 60 లక్షల పౌండ్లు, తలా లక్షా 22 వేలకు దిగింది.

ఇక గిట్టిన ఆట. మసాచుసెట్స్‌లో 2012 దాకా నడిచిన క్యాష్ విన్‌ఫాల్‌లో ఒక నిబంధన ఉండేది: జాక్‌పాట్ 20 లక్షల డాలర్లు దాటినా ఎవరికీ తగలకపోతే ఆ సొమ్ము కింది బహుమతుల్లోకి దిగుతుంది. జెర్రీ సెల్బీ, మార్జ్ సెల్బీ అనే రిటైరైన దంపతులు, ఎంఐటీ విద్యార్థుల బృందం ఒకటి ఆ డ్రాల కోసం కాచుకుని లక్షల్లో టికెట్లు కొన్నారు. వాళ్లు జాక్‌పాట్ మీద ఆశపెట్టుకోలేదు. అన్ని టికెట్లుంటే మూడు, నాలుగు అంకెలు కలిసిన బహుమతులు ఎన్నొస్తాయో ముందే అంచనా వేయొచ్చు. ఒక్క టికెట్ కొన్నవాడికి ఆ డ్రాలోనూ చేతికి ఏమీ రాకపోవడమే ఎక్కువ. లాభసాటి లెక్కైనా, వందల మార్లు ఆడే స్తోమత లేకపోతే అది నీ లెక్క కాదురా.

అయినా సరదా పడితే కొనుక్కో. డ్రా దాకా ఊహల్లో తేలడానికి ఆ డబ్బు ఖర్చుపెట్టానని రాసుకో, పెట్టుబడి అనుకోకు. అప్పు చేసి మాత్రం వద్దు. పుట్టినరోజు అంకెలు పెట్టకు. చాలామంది 31 లోపే ఎంచుకుంటారు కాబట్టి తగిలినా పంపకాలెక్కువ. ఎప్పుడూ అవే అంకెలు అసలే వద్దు. నువ్వు మానేసిన వారమే అవి వస్తాయేమోనన్న భయంతో జీవితాంతం కొంటూనే ఉంటావు.

ఆఫీసులో అందరూ కలిసి కొంటుంటే చేరు, కాదనను. నువ్వొక్కడివే మిగిలిపోయిన రోజున వాళ్లకు తగిలితే నిద్రపట్టదు. అయితే ఎవరెంత వేశారో డ్రాకు ముందే రాసి, టికెట్ ఫొటో అందరికీ పంపమను.

మీ మావయ్య