కోడింగ్ రాకపోయినా ఓపెన్ సోర్స్ గైడ్లకు ప్రూఫులు దిద్దవచ్చా?

మీ ప్రశ్నలో మూడు అనుమానాలున్నాయి: కోడింగ్ రాదు, ఇంగ్లీషు ఓ మోస్తరు, డబ్బులు వస్తాయో రావో తెలియదు. చివరిదానికి ముందే చెబుతాను, రావు. మొదటి రెండూ అడ్డం కావు. నేను కడపలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పదకొండేళ్లు డీటీపీ చేశాను. మూడేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా లిబ్రెఆఫీస్ యూజర్ గైడ్లకు ప్రూఫులు చూస్తున్నాను. ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకోవడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోగల, కోడ్ అందరికీ తెరిచి ఉన్న (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్ అది. కోడింగ్‌లో నాకు ఇప్పటికీ ఓనమాలు రావు.

ప్రూఫు చూడటమంటే ఏమిటో నాకు నేర్పింది ఒక శుభలేఖ. ఐదు వందల కార్డులు. వత్తులు, దీర్ఘాలు, ఇంటిపేర్లు, చి.ల.సౌ. పక్కన చుక్కలతో సహా మూడుసార్లు చూసి సరే అన్నాను. కార్డులు పెళ్లివారింటికి చేరాక ఫోను వచ్చింది. తేదీ సరిగ్గానే ఉంది, దాని పక్కన శుక్రవారం అని ఉంది, ఆ రోజేమో గురువారం. మా యజమాని తిట్టలేదు. గోడకున్న క్యాలెండర్ చూపించి "అక్షరాలు చూశావు సరే, ఇది చూశావా?" అన్నారు. ఆ రాత్రి రెండు గంటల దాకా ఐదు వందల కార్డుల మీద గురువారం అన్న చీటీలు అంటిస్తూ కూర్చున్నాను.

సాఫ్ట్‌వేర్ గైడుకు క్యాలెండర్ ఆ సాఫ్ట్‌వేరే. తెర మీద ఒక పక్క అధ్యాయం, మరో పక్క ప్రోగ్రాం తెరిచి, నొక్కమన్నది నొక్కుతూ పోవాలి. లిబ్రెఆఫీస్‌కు సుమారు ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. 2024 నుంచి వెర్షన్ నంబరులోనే సంవత్సరం, నెల ఉంటున్నాయి: 24.2, 24.8 అని. గైడ్ల మీద పనిచేసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవారే. పాత ఎడిషన్‌ను కొత్తదానికి సరిచేసే ముసాయిదాలో కొన్ని వాక్యాలు వెనకబడి ఉండటం సహజం, వాటిని పట్టుకోవడానికే మనల్ని పిలుస్తారు.

నాకు వచ్చిన ఒక ముసాయిదాలో ఫార్మాట్ మెనూలోకి వెళ్లి స్టైల్స్ అండ్ ఫార్మాటింగ్ నొక్కండి అని ఉంది. వాక్యంలో అచ్చుతప్పు లేదు, వ్యాకరణ దోషం లేదు. నా తెర మీద మాత్రం ఆ మెనూలో ఆ మాటే లేదు. స్టైల్స్ పేరుతో విడిగా ఒక మెనూ ఉంది, అందులో మేనేజ్ స్టైల్స్ ఉంది. దాన్ని నేరుగా తెరిచే ఎఫ్11 మీట మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే. ఏళ్ల తరబడి వాడుతున్నవారి వేలు నేరుగా ఎఫ్11 మీదికే పోతుంది, మెనూ మారినట్టు వారికి తెలియనే తెలియదు. కొత్తవాడు అక్కడే చిక్కుకుపోతాడు. కాబట్టి ప్రోగ్రాం అంతగా తెలియకపోవడాన్ని లోటు అనుకోకండి.

తెలుగువాడిగా పట్టుకున్నది కూడా ఒకటుంది. మామూలు ఫాంటు మార్చుకోవడానికి ఆప్షన్స్‌లో బేసిక్ ఫాంట్స్ దగ్గరికి వెళ్లమని రాసి ఉంటే, తెలుగు ఫైలు ముందు పెట్టుకుని అలాగే చేశాను. ఇంగ్లీషు అక్షరాలు మారాయి, తెలుగు కదలలేదు. అక్కడ వెస్టర్న్‌కు (ఇంగ్లీషు లాంటి లిపులకు) ఒక పేజీ, సీటీఎల్‌కు (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, అంటే అక్షరాలు కలిసి రూపం మారే లిపులకు) మరో పేజీ ఉంటాయి. తెలుగు, హిందీ, అరబిక్ లాంటివి రెండోదాని కిందికి వస్తాయి. భాషల సెట్టింగుల్లో సీటీఎల్‌కు టిక్కు పెడితే తప్ప ఆ పేజీ కనిపించదు. (ప్రెస్‌లో అను అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లతో కొట్టినన్నాళ్లూ ఈ గొడవ లేదు. కంప్యూటర్ వాటిని ఇంగ్లీషు అక్షరాలనే అనుకునేది.) ఇదంతా ఒక కామెంటులో రాశాను. అధ్యాయంలో ఒక్క వాక్యం చేరింది.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ కింద రికార్డ్ ఆన్ చేయకుండానే మొదటి అధ్యాయం దిద్దుకుంటూ పోయాను. పైగా బడిలో నేర్చుకున్న స్పెల్లింగు ప్రకారం కలర్ అన్న ప్రతి చోటా ఒక యు చేర్చాను. ఆ గైడ్లు నడిచేది అమెరికన్ స్పెల్లింగుతో. ఏది మార్చానో, ఏది మార్చలేదో చూసేవారికి తెలిసే దారి లేదు. అసలు ఫైలుతో నా ఫైలును కంపేర్ డాక్యుమెంట్‌తో పోల్చితే తేడాలన్నీ రంగుల్లో బయటపడతాయని ఒకాయన ఓపిగ్గా చెప్పారు. అలా గట్టెక్కాను.

ఇంగ్లీషు సంగతికొస్తే, గైడు వాక్యాలు చిన్నవి. ఏదైనా వాక్యం రెండోసారి చదవాల్సి వస్తే అక్కడ కామెంటు పెట్టండి, మీ సొంత శైలిలో తిరగరాయకండి.

ఊరికే ఎందుకు ఈ చాకిరీ అని ఇంట్లో అడుగుతారు, మా ఇంట్లోనూ అడిగారు. కడపకు ఈ పని కొత్త కాదు. సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన రాతప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు సరిచూయించాడు. ఆ పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చాడు. మనకు ఆ యోగం లేదు. ఎర్రముక్కపల్లిలో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలోనే నా మొదటి అధ్యాయం సగం చూశాను.

లిబ్రెఆఫీస్ డాక్యుమెంటేషన్ బృందానికి మీ గురించి నాలుగు మాటలు రాసి, ఎవరూ తీసుకోని అధ్యాయం ఏదైనా ఉందా అని అడగండి. పుస్తకం మొత్తం చూసి బెదరకండి, ఒక్కో అధ్యాయం విడి ఫైలుగా ఉంటుంది. నాకు మొదటిదానికి నాలుగు ఆదివారాలు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. పని చేసినవారి పేర్లు ఆ అధ్యాయంలోనే వేస్తారు. నా పేరు నేనే టైపు చేసుకున్నాను, అందులో ఒక అక్షరం ఎగిరిపోయింది. తర్వాత చూసినవారెవరో దిద్దారు, రికార్డ్ ఆన్‌లో పెట్టి మరీ.