దిగుడులో తొడలు పట్టేస్తుంటే
బందరు రోడ్డు మీద 30 కిలోమీటర్లు హాయిగా లాగేస్తున్నా, కొండల్లో 50 కిలోమీటర్ల రేసుకు ప్రాక్టీసు మొదలెట్టాక దిగుడులో తొడలు పట్టేస్తున్నాయన్నారు. అది దమ్ము సమస్య కాదండీ. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పని చదును రోడ్డు నేర్పదు, దిగితేనే అలవాటవుతుంది.

వారానికోసారి కొండవీడు వెళ్లండి. ఘాట్ రోడ్డు నడుస్తూ ఎక్కి, చిన్న చిన్న అడుగులతో పరుగున దిగండి. కాలు ముందుకు చాచి మడమతో బ్రేకు వేయొద్దు, మోకాళ్లకు అదే చేటు. మొదటిసారి తర్వాత ఒకట్రెండు రోజులు ఇంట్లో మెట్లు దిగడమే కష్టం. కంగారుపడకండి, తర్వాతిసారికి బాగా తగ్గుతుంది. నొప్పి తొడలో కాకుండా మోకాలి కీలులో ఉండి వాపొస్తే మాత్రం ఆపేసి ఎముకల డాక్టరుకు చూపించండి. మంగళగిరి గుడి మెట్లు వద్దు, భక్తుల మధ్య బూట్లతో పరుగేంటి!

రేసుకు రెండు వారాల ముందు నుంచి కొండ దిగే గట్టి ప్రాక్టీసు మానేయండి. రేసులో ఎక్కుడు వస్తే నడవండి, నామోషీ ఏం లేదు, పేరున్న రన్నర్లూ నడుస్తారు. ఎండ కదా అని ఉత్తి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. దాహమైనప్పుడే తాగండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకోండి.