పిల్లి కూనలకు బర్రెల మందు కొట్టకండి

ప్రశ్న: మా వడ్ల కొట్టంలో ఈనిన పిల్లి బండి కింద పడి చచ్చిపోయింది. మూడు కూనలు, 20 రోజులవి. ఒకటి 270 గ్రాములు, రెండు 300 దాకా ఉన్నాయి. బర్రెపాలలో నీళ్లు, చక్కెర కలిపి పోస్తుంటే పసుపుగా పారుకుంటున్నాయి. నట్టలే అనుకుంటున్నాను. షాపులో నట్టల మందు, బొచ్చులో పురుగులకు బర్రెల గోమార్ల మందు ఇచ్చారు. వాడొచ్చా? అన్నం ఎప్పుడు పెట్టాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ గోమార్ల మందు మూత తియ్యకండి. అందులో ఎక్కువగా డెల్టామెత్రినో సైపర్‌మెత్రినో అనే పురుగుమందు ఉంటుంది, బర్రె తట్టుకుంటుంది గానీ పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, వణికి వణికి చస్తాయి. షాపాయనకు డబ్బా అమ్ముడుపోతే చాలు, కూన బరువెంతని అడిగాడా? సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, దువ్వెనకు వచ్చిన పురుగులను సబ్బునీళ్లలో ముంచండి, అంతే. పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే.

పారుడు నట్టల వల్ల కాదు, మీరు పోసే పాల వల్ల అనుకుంటున్నాను. బర్రెపాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర వీటికి సరిగా అరగదు, నీళ్లు కలిపితే కడుపు నిండుతుంది, బలం రాదు. పిల్లి పిల్లల పాలపొడి పెట్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. 100 గ్రాముల బరువుకు రోజుకు 20 మి.లీ., అంటే 300 గ్రాముల కూనకు 60, దాన్ని 12 చొప్పున ఐదుసార్లు, రాత్రి ఒకసారి లేవక తప్పదు. 270 గ్రాములదానికి పూటకు 11 చాలు. గోరువెచ్చగా, బోర్లా పడుకోబెట్టి, సిరంజితో మెల్లగా. పసిపిల్లను పట్టినట్టు వెల్లకిలా పట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు పాలు పొయ్యొద్దు, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెచ్చబడ్డాకే.

నట్టల మందు కూడా వెయ్యాలి గానీ బర్రెలది కాదు. పైరాంటెల్, కిలోకు 5 నుంచి 10 మి.గ్రా., అంటే వీటికి చుక్కల లెక్క, డాక్టరు కొలిచి ఇస్తేనే. రెండు వారాలకోసారి.

అన్నం మాట ఇప్పుడే వద్దు. పెరుగన్నంతో పిల్లి బతకదు, దానికి కావలసిన టారిన్ అనే పోషకం ప్రధానంగా మాంసంలో ఉంటుంది. నాలుగు వారాలు నిండి, పారుడు తగ్గి, మూతి దగ్గర వేలు పెడితే కొరుకుతున్నప్పుడు మొదలుపెట్టండి. కూనల వెట్ ఫుడ్ (షాపులో దొరికే మెత్తటి తడి తిండి) ఒక చెంచా, పాలపొడితో కలిపిన పాలు రెండు చెంచాలు, రాగిజావలా మెదిపి స్టీలు మూతలో పెట్టండి. మొదటిరోజు నాకవు, తొక్కుతాయి, వేలితో మూతికి రాయండి, తర్వాత తడిగుడ్డతో కాళ్లు తుడవండి, లేకపోతే తడికి చలి పట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులకోసారి పాలు తగ్గిస్తూ పోతే ఏడెనిమిది వారాలకు సిరంజి అవసరం ఉండదు. పక్కన లోతులేని మూతలో నీళ్లు. ఉడికించిన కోడిమాంసం కొంచెం కలపొచ్చు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా.

రోజూ ఒకే వేళకు తూకం వెయ్యండి, 10 గ్రాములైనా పెరగాలి. ఆ చిన్నది రేపటికి పెరగకపోతే ఇంకో రోజు చూద్దామనుకోకుండా పశువైద్యశాలకు తీసుకుపోండి, ఆ షాపు డబ్బాలు కూడా వెంట పట్టుకుపోండి, డాక్టరు చూడాలి.