పేరు పోయినా ఫైల్ పోదు

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ పైథాన్ నేర్చుకుంటున్నాను. నా ప్రోగ్రాం ఒక టెంపరరీ ఫైల్ తెరిచి, వెంటనే డిలీట్ చేసి, ఆ తర్వాత కూడా అందులోనే రాసుకుంటుంది. నా ఉబుంటు లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తోంది. రూమ్మేట్ విండోస్‌లో ఎర్రర్ 32 వస్తోంది. ల్యాబ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే ఎర్రరేమీ లేదు గానీ, చివర్లో ఫోల్డర్ తీసేయబోతే ఖాళీగా లేదంటుంది. తప్పు నాదేనా?

జవాబు: సగం మీదే. లినక్స్‌లో (మీ ఉబుంటు అదే) డిలీట్ అంటే పేరు తీసెయ్యడమే. తలుపు మీద పేరు బోర్డు పీకేసినంత మాత్రాన లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయరు కదా! ఇది నాకు మాదాపూర్‌లో మొదటి ఉద్యోగంలో తెలిసొచ్చింది. ఓ రాత్రి సర్వర్ డిస్క్ నిండింది. 40 జీబీ లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎమ్ (డిలీట్ కమాండ్) కొట్టేసి, పెద్ద పని చేసినట్టు చాయ్‌కి కిందికి దిగాను. వచ్చి, డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే అదే 100 శాతం. పేరున్న ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే ఆ 40 జీబీ లెక్కలోనే లేదు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. లాగ్ రాసే ప్రాసెస్ ఆ ఫైల్‌ని ఇంకా పట్టుకునే ఉందని 'ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1' (డిలీట్ అయినా తెరిచే ఉన్న ఫైళ్లు చూపే కమాండ్) చూపించింది. దాన్ని రీస్టార్ట్ చేశాకే జాగా దొరికింది.

విండోస్‌లో అలా కుదరదు. తెరిచినవాడు డిలీట్‌కి ముందే ఒప్పుకుని తెరవాలి. పైథాన్ మామూలు ఓపెన్ అలా తెరవదు, అందుకే ఎర్రర్ 32.

ఎన్‌ఎఫ్‌ఎస్ కథ వేరు. వెర్షన్ 3 వరకూ ఏ ఫైల్‌ని ఎవరు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. అందుకే మీ మిషనే డిలీట్ చేసినట్టు నటించి, ఫైల్ పేరు మార్చి దాస్తుంది. ఆ ఫోల్డర్‌లో దాగున్న ఫైళ్లు కూడా చూపే 'ఎల్‌ఎస్ మైనస్ ఏ' కొట్టండి, '.ఎన్‌ఎఫ్‌ఎస్' అని మొదలై, వెనక బారెడు అంకెలూ అక్షరాలూ ఉన్న ఫైల్ కనిపిస్తుంది. దీన్ని సిల్లీ రీనేమ్ అంటారు (పేరు పెట్టినవాళ్లకే సిగ్గేసినట్టుంది). చేత్తో తీయబోతే బిజీ అంటుంది. ఫైల్ క్లోజ్ చేస్తే దానంతటదే పోతుంది. అదే ఫైల్‌ని పక్క మిషన్ నుంచి ఎవరైనా డిలీట్ చేస్తే ఈ నాటకం కూడా ఉండదు, మీ ప్రోగ్రాంకి 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' (పట్టుకున్న ఫైల్ ఇక లేదు) అనే ఎర్రర్ వస్తుంది.

మీకు ఫైల్ పేరుతో పనిలేదు కాబట్టి, టెంప్‌ఫైల్ మాడ్యూల్‌లోని టెంపరరీఫైల్ వాడండి, విండోస్ సంగతి అదే చూసుకుంటుంది. ల్యాబ్‌లో మాత్రం దాని డైరెక్టరీని లోకల్ డిస్క్ మీదే పెట్టండి.