దెయ్యం సినిమాలు తప్పా?

ప్రశ్న: మా పన్నెండేళ్ల బాబు హారర్ సినిమాలు వదలడు. జనాన్ని భయపెట్టి డబ్బు చేసుకోవడం తప్పు కాదా? వాణ్ణి చూడనివ్వొచ్చా?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: భయపెట్టడం తప్పేం కాదమ్మా. ఒంటరి ముసలమ్మను చేతబడి మనిషిగా చూపించి, చివరికి అదే నిజమని తేల్చే కథలతోనే పేచీ. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన వైపు కొత్త కాదు.

బాబు సంగతి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత, పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే ‘యు/ఎ’ సెన్సార్ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని మూడు రకాలొచ్చాయి. ఇవి సలహాలే, నిర్ణయం మీది. ‘ఎ’ అయితే 18 నిండాల్సిందే. ఓటీటీలో పిల్లల ప్రొఫైల్ పెట్టి, మీదానికి పిన్ వేయండి.

ఇంకో చిట్కా. హీరోయిన్ తలుపు దగ్గరికి నడుస్తుంటే సంగీతం ఆగుతుంది, రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం, ఆపైన ధన్‌మని మోత. ఉలిక్కిపడేది ఎక్కువగా ఆ మోతకే. అదే సీను సౌండు తీసేసి చూపించండి, నవ్వేస్తాడు.

ఇక మన హారర్ అంటారా, 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడాక చాలాకాలం దెయ్యం పక్కన కమెడియన్ ఉండాల్సిందే అన్నట్టయింది. 2022లో ‘మసూద’ ఆ దారి పట్టలేదు, నయం.